కోచ్ మారాక ఐదింట నాలుగు గెలుపులు: మార్పు పనిచేసినట్టేనా?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. సీజన్ మధ్యలో మీ ఫుట్‌బాల్ క్లబ్ కోచ్‌ని తీసేశారు, కొత్తాయన వచ్చాక ఐదింట నాలుగు గెలిచారు, కాబట్టి బోర్డు చేసింది రైటేనా అన్నది ఒకటి. పాత కోచ్ ప్రత్యర్థి క్లబ్‌కి వెళ్తున్నాడట, ఆయన్ని ఇంకా అభిమానిస్తే క్లబ్‌కి ద్రోహం చేసినట్టా అన్నది రెండోది. మీ అభిమానుల గ్రూపులో ఈ రెంటినీ కలిపేసి తిట్టుకుంటున్నారు, అందుకే వాదన తెగట్లేదు.

ముందు ఆ నాలుగు గెలుపుల సంగతి. 2018-19 మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ ఒకసారి తిరగేయండి. డిసెంబరులో కోచ్ మొరీన్యోని పంపేసి సోల్‌షేర్‌ని తాత్కాలికంగా కూర్చోబెట్టారు. అన్ని పోటీలూ కలిపి మొదటి 8 మ్యాచ్‌లూ గెలిచాడు. మార్చి 28న పర్మనెంట్ చేశారు. ఆ తర్వాత ఆడిన 10 మ్యాచ్‌లలో గెలిచినవి 2. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ప్రత్యర్థుల పేర్లు. ఆయన మొదటి రెండు మ్యాచ్‌లు కార్డిఫ్ మీద 5-1, హడర్స్‌ఫీల్డ్ మీద 3-1. సీజన్ ఆఖరి రెండు మ్యాచ్‌లూ మళ్లీ ఆ రెండు జట్లతోనే పడ్డాయి. హడర్స్‌ఫీల్డ్‌తో 1-1 డ్రా, సొంత మైదానంలో కార్డిఫ్ చేతిలో 0-2 ఓటమి. ఆ ఏడాది రెండూ కింది డివిజన్‌కి జారిపోయిన జట్లే. కోచ్ మారలేదు, ఆటగాళ్లూ దాదాపు వాళ్లే.

అందుకని గెలుపులు లెక్కపెట్టే ముందు అవి ఎవరి మీద వచ్చాయో రాసుకోండి. పద్ధతి సులువే. కొత్త కోచ్ ఆడించిన ఐదు మ్యాచ్‌ల పక్కన, అవే జట్లతో అదే వేదిక మీద పోయిన సీజన్లో ఎన్ని పాయింట్లు వచ్చాయో వేయండి. ఇంట్లో ఆడినదాన్ని ఇంట్లో ఆడినదాంతోనే పోల్చాలి, బయట ఆడినదాన్ని బయట ఆడినదాంతోనే. ఈ ఏడాదే పైకి వచ్చిన జట్టు ఎదురైతే దానికి పాత మ్యాచ్ ఉండదు కాబట్టి, కిందికి పోయిన జట్లను వరసగా వాటి స్థానంలో పెట్టండి. 20 జట్ల లీగ్ అయితే, కింది లీగ్ విజేతకి 18వ స్థానం జట్టు, రెండో స్థానంలో వచ్చినవాళ్లకి 19వది, ప్లేఆఫ్ గెలిచినవాళ్లకి 20వది. మీ వాళ్లకి ఈ ఐదింట 12 పాయింట్లు వచ్చాయనుకుందాం. అవే ఐదింట పోయినసారి 11 వచ్చి ఉంటే, కొత్తాయన తెచ్చింది ఒక్క పాయింటు. పోయినసారి 4 వచ్చి ఉంటే అప్పుడు మాట్లాడుకోవాల్సిన విషయమే.

ఇంకో మెలిక ఉంది. కోచ్‌ని తీసేసేది ఎప్పుడు? వరసగా ఓడినప్పుడు. ఆ ఓటముల్లో సగం చేతకానితనమైతే మిగతా సగం పోస్టుకి తగిలిన బంతులు, ఆఖరి నిమిషం పెనాల్టీలు. దురదృష్టం ఎల్లకాలం ఉండదు కాబట్టి తర్వాతి మ్యాచ్‌లు ఎలాగూ కొంత మెరుగవుతాయి, ఆ పేరు కొత్త కోచ్ ఖాతాలో పడుతుంది. డచ్ లీగ్ మీద ఆర్థికవేత్త బాస్ టర్ వీల్ 1986 నుంచి 2004 వరకు జరిగిన కోచ్ మార్పులు తీసుకుని చూశాడు. అంతే దారుణంగా ఆడుతూ కూడా కోచ్‌ని మార్చని జట్లతో పోల్చాడు. మార్చినవాళ్లు కోలుకున్నట్టే మార్చనివాళ్లూ కోలుకున్నారు. మీ గ్రూపులో 'చూశారా, మార్చగానే గెలిచాం' అనేవాళ్లకి ఇది చూపించండి. మార్పు ఎప్పుడూ దండగ అని దీని అర్థం కాదు. సగటున తేడా కనబడలేదని మాత్రమే.

ఎక్స్‌జీ (ఒక్కో షాట్ గోల్ అయ్యే అవకాశాన్ని కలిపి వేసే లెక్క) చూసే అలవాటుంటే పెనాల్టీలు తీసేసి చూడండి. ఒక్కో పెనాల్టీకి సుమారు 0.78 పడుతుంది, రెండు పెనాల్టీలు దొరికితే మామూలు ఆట కూడా గొప్పగా కనిపిస్తుంది. పాత కోచ్‌ని తీసేసే ముందు 10, కొత్తాయన వచ్చాక 10 మ్యాచ్‌ల సగటు పోల్చండి, అంతకంటే తక్కువైతే అంకెలు ఊగుతాయి. పదో నిమిషంలో గోల్ కొట్టి ముందంజలో ఉన్న జట్టు వెనక్కి తగ్గి ఆడుతుంది కాబట్టి ఆ మ్యాచ్‌లో ఎక్స్‌జీ తక్కువ వచ్చినా కంగారు పడక్కర్లేదు. స్కోరు సమంగా ఉన్నంతసేపు ఏం జరిగిందన్నదే చూడాలి. గాయాల జాబితా కూడా మర్చిపోవద్దు. ప్రధాన స్ట్రైకరో సెంటర్ బ్యాకో (నడిమి డిఫెండరో) సరిగ్గా కోచ్ మారిన వారమే తిరిగొస్తే ఆ ఘనత ఫిజియోది.

అంకెలకంటే నేను ఎక్కువ నమ్మేది మైదానంలో కంటికి కనిపించే మార్పు. 2021 జనవరిలో చెల్సీ లాంపార్డ్‌ని తీసేసి తూకెల్‌ని తెచ్చినప్పుడు అది మొదటి మ్యాచ్‌లోనే తెలిసిపోయింది. వెనక ముగ్గురు సెంటర్ బ్యాక్‌లు, వాళ్ల ముందు ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు. ఆ మ్యాచ్ వుల్వ్స్‌తో 0-0 డ్రానే, గెలుపు కూడా కాదు. కానీ తొలి 14 మ్యాచ్‌లలో ఓటమి లేదు, ఇచ్చిన గోల్స్ 2. మేలో చాంపియన్స్ లీగ్ గెలిచారు. మీ జట్టులో కూడా ఇలాంటివే వెతకండి. గోల్‌కిక్ తీసుకునేటప్పుడు సెంటర్ బ్యాక్‌లు పెనాల్టీ బాక్సులో అటూ ఇటూ నిలబడుతున్నారా, లేక కీపర్ ఇంకా పొడుగ్గానే తంతున్నాడా? బంతి పోయిన ఐదు క్షణాల్లో దగ్గరున్న ముగ్గురు మీదికి ఉరుకుతున్నారా, వెనక్కి పరిగెడుతున్నారా? డిఫెన్స్ లైన్‌కీ మిడ్‌ఫీల్డ్‌కీ మధ్య ఖాళీ తగ్గిందా? ఇవేవీ మారకుండా ఫలితాలే మారాయంటే అది ఊపు. ఊపు దిగిపోతుంది.

ఇవన్నీ మారడానికి టైమెందుకు పడుతుందో తెలియాలంటే ట్రైనింగ్ వారం చూడాలి. ఆదివారం నుంచి ఆదివారానికి మ్యాచ్ ఉందనుకోండి: సోమవారం కోలుకోవడం, మంగళవారం సెలవు, బుధ, గురువారాలు గట్టి సెషన్లు, శుక్రవారం మధ్యరకం, శనివారం తేలిక. కొత్త పద్ధతి నేర్పడానికి దొరికేవి ఆ రెండు రోజులే. మధ్యలో బుధవారం యూరప్ మ్యాచ్ ఉంటే అవీ పోతాయి, మిగిలేది వీడియో మీటింగే. ఇంటర్నేషనల్ బ్రేక్‌లో కోచ్‌ని మారిస్తే రెండు వారాలు దొరుకుతాయంటారు గానీ, ఆ రెండు వారాలూ ముఖ్యమైన ఆటగాళ్లంతా దేశాల తరఫున ఆడటానికి వెళ్లిపోతారు. బ్రేక్ కలిసొచ్చేది కొత్త మనిషిని వెతుక్కునే బోర్డుకి.

అందుకే సీజన్ మధ్యలో వచ్చి ఫార్మేషన్ మొత్తం తిప్పేసే కోచ్‌కి ఇబ్బంది ఎక్కువ. 2024 నవంబరులో యునైటెడ్‌కి వచ్చిన అమోరిమ్ 3-4-3 (ముగ్గురు డిఫెండర్లు, నలుగురు మధ్యలో, ముగ్గురు ముందు) పెట్టాడు. దానికి ఊపిరి వింగ్‌బ్యాక్‌లు, టచ్‌లైన్ పొడుగునా 90 నిమిషాలు ఎక్కి దిగగలవాళ్లు. పాత కోచ్ నలుగురు డిఫెండర్ల ఆటకోసం కట్టిన స్క్వాడ్‌లో వాళ్లు లేరు. ఎడమవైపుకి డోర్గూని ఆటగాళ్ల కొనుగోళ్లకి తెరిచే జనవరి విండోలోగానీ కొనలేకపోయారు. ఆ సీజన్ 15వ స్థానంలో ముగిసింది. తప్పు కోచ్‌దా, అతని పద్ధతి తెలిసీ సీజన్ మధ్యలో తెచ్చినవాళ్లదా అని అడిగితే నా ఓటు రెండోదానికే.

ఇక 'టైమివ్వాలి' వాదన. క్లాప్ తొలి సీజన్లో లివర్‌పూల్ 8వ స్థానం, అర్టెటా కింద ఆర్సెనల్ వరసగా రెండుసార్లు 8వ స్థానం, రెండు జట్లూ తర్వాతే పుంజుకున్నాయి. నిజమే. కానీ అర్టెటా పేరు ఇప్పుడు ఓడిపోయే ప్రతి కోచ్‌కీ తొడిగే చొక్కా అయిపోయింది. టైమిచ్చాక కూడా మునిగిన క్లబ్‌లని ఎవరూ ఉదాహరణగా తేరు కదా. టైమిమ్మనేవాళ్లని ఒకటే అడగండి: ఏది మెరుగైతే టైమిచ్చింది ఫలించినట్టు? ఇచ్చే గోల్స్ తగ్గాలా, కుర్రాళ్లు ఎదగాలా, అనవసరపు కొనుగోళ్లు ఆగాలా? జవాబు ముందే గ్రూపులో రాసి పిన్ చేయండి. ఓడాక కొలబద్ద మార్చడం కుదరదు.

అసలు గొడవ ఈ కొలబద్ద దగ్గరే అని 2025లో టాటెన్‌హామ్ చూపించింది. కోచ్ పోస్టెకోగ్లూ మే 21న యూరోపా లీగ్ గెలిపించాడు, క్లబ్‌కి 2008 తర్వాత అదే తొలి ట్రోఫీ. లీగ్‌లో మాత్రం 22 మ్యాచ్‌లు ఓడి 17వ స్థానం. జూన్ 6న తీసేశారు. ఒకడు కప్పుని చూసి, ఒకడు టేబుల్‌ని చూసి మాట్లాడుతుంటే ఇద్దరూ నిజమే చెబుతున్నా ఎప్పటికీ కలవరు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. కోచ్ ఉద్యోగి, క్లబ్ మీది. ఇటలీ క్లబ్ యువెంటస్‌కి కెప్టెన్‌గా ఆడి, కోచ్‌గా వరసగా 3 టైటిళ్లు ఇచ్చిన కోంటే 2019లో ప్రత్యర్థి క్లబ్ ఇంటర్ మిలాన్‌కి వెళ్లాడు. 2021లో యువెంటస్ వరసగా 9 ఏళ్లు లీగ్ గెలుస్తూ వచ్చిన వరసని ఆపిందీ ఆయన జట్టే. అంతమాత్రాన పాత 3 టైటిళ్లు రికార్డుల్లోంచి పోవు. మొరీన్యో చెల్సీకి 3 లీగ్‌లు గెలిపించి, యునైటెడ్ కోచ్‌గా 2016 అక్టోబరులో తిరిగొచ్చి 0-4తో ఓడాడు. ఆ రోజు ఆయన్ని ఇష్టపడుతూనే నాలుగు గోల్స్‌కీ ఎగిరి గంతేసిన చెల్సీ అభిమాని తప్పేం చేయలేదు. మీరు కూడా ఆయన వచ్చిన రోజు మ్యాచ్ మొదలయ్యే ముందు చప్పట్లు కొట్టండి, విజిల్ మోగాక మీ రంగు చొక్కాల వైపు ఉండండి. ఆయన కొత్త క్లబ్ మీ దగ్గర్నుంచి పాయింట్లు లాక్కుంటే కూడా సంతోషం వేస్తోందంటే, అప్పుడు మీరు అభిమానించేది ఆ మనిషిని. అదీ నేరం కాదు, కాకపోతే గ్రూపులో ఆ మాట ఒప్పుకుని వాదించండి.

క్లబ్‌ని వదిలేయాల్సినంత పెద్ద కారణం కోచ్ మార్పు అని నేననుకోను. 2002లో లండన్ క్లబ్ వింబుల్డన్‌ని మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి అనుమతి దొరికినప్పుడు అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకుని, 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి తెచ్చారు. వాళ్ల దగ్గర్నుంచి క్లబ్‌నే ఎత్తుకుపోయారు. మీ దగ్గర మారింది బెంచి మీద కూర్చునే మనిషి.

కోపం తీరకపోతే దాన్ని సరైన గుమ్మం దగ్గర పెట్టండి. గత మూడు ట్రాన్స్‌ఫర్ విండోల్లో కొన్న ఆటగాళ్ల పేర్లు రాయండి. వాళ్లలో పాత కోచ్ ఎందరిని మొదటి పదకొండులో వాడాడో, కొత్తాయన ఎందరిని వాడుతున్నాడో ఎదురుగా వేయండి. ఇద్దరూ అవే పేర్లని పక్కన పెట్టారంటే, మీ గ్రూపులో ఇకనుంచి వినబడాల్సింది కోచ్‌ల పేర్లు కాదు, ఆ కొనుగోళ్ల మీద సంతకాలు పెట్టిన స్పోర్టింగ్ డైరెక్టర్ పేరు.