సూర్యుడి మీద పరిశోధన చేస్తానంటోంది మా అమ్మాయి... పంపమంటారా?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు పని. అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. సౌర జ్వాలల నుంచి వచ్చే ఈయూవీ కిరణాల మీద పరిశోధన చేస్తానంటోంది. బీఈడీ చేయిస్తే టీచరైనా అవుతుందని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయి గాలిలో మేడలు కట్టడం లేదండీ. సౌర జ్వాల అంటే సూర్యుడి మీద హఠాత్తుగా జరిగే పేలుడు. ఈయూవీ అంటే సుమారు 10 నుంచి 120 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న తీవ్ర అతినీలలోహిత కిరణాలు. వాటిని మన వాతావరణం పైనే పీల్చేసుకుంటుంది. అలా పీల్చుకుని వేడెక్కి ఉబ్బుతుంది. దాంతో తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలకు గాలి ఒరిపిడి పెరుగుతుంది. అయనోస్ఫియర్ (విద్యుదావేశం ఉండే పై వాతావరణ పొర) మారి జీపీఎస్ లెక్కలూ తేడా వస్తాయి. భావనపాడు నుంచి వేటకెళ్లే బోట్లలోనూ ఆ జీపీఎస్సే కదా.

ఈ కిరణాలు నేల దాకా రావు కాబట్టి అంతరిక్షం నుంచే కొలవాలి. సూర్యుణ్ని గమనించడానికి నాసా 2010లో పంపిన ఎస్‌డీవో ఉపగ్రహంలో ఈయూవీని కొలిచే ఈవీఈ అనే పరికరం ఉన్నది అందుకే. చిక్కేమిటంటే, ఏ కిరణాలను కొలవాలో అవే దాని ఫిల్టర్లనూ డిటెక్టర్లనూ మెల్లగా పాడుచేస్తాయి. అందుకని అలాంటి పరికరాన్నే అప్పుడప్పుడు రాకెట్‌లో కొద్ది నిమిషాలు పైకి పంపి, రెండు రీడింగులూ సరిచూస్తారు. 2014లో ఈవీఈలో ఒక భాగం ఆగిపోయింది కూడా. కొలత దొరకని చోట మోడల్ కావాలి. ఎఫ్‌ఐఎస్‌ఎం అనే మోడల్, గోస్ అనే అమెరికా వాతావరణ ఉపగ్రహాల ఎక్స్‌రే రీడింగుల వంటివి తీసుకుని ఈయూవీ ఎంత వచ్చి ఉంటుందో అంచనా కడుతుంది. అయితే కొన్ని జ్వాలల్లో ఎక్స్‌రేలు తగ్గిన కొన్ని గంటలకు ఈయూవీ మళ్లీ పెరుగుతుందని ఈవీఈయే చూపించింది. ఎక్స్‌రేలను మాత్రమే చూస్తే అది తెలియదు. మీ అమ్మాయి లాంటివాళ్లకు ఇక్కడ నిజమైన పని ఉంది.

ఇక డబ్బు సంగతి. ఎంఎస్సీ అయ్యాక నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె. కానీ పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, తర్వాత శాస్త్రవేత్త పోస్టులు తక్కువ. ఇది ముందే తెలిసి దిగాలి. పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష బాగా వస్తే మాత్రం డేటా ఉద్యోగాల వైపు దారి తెరిచే ఉంటుంది.

ఈలోగా ఒక పని చేయించండి. ఎస్‌డీవో, గోస్ డేటా ఇంటర్నెట్‌లో ఉచితం. ఏదైనా ఒక పెద్ద జ్వాల తీసుకుని, దాని ఎక్స్‌రే, ఈయూవీ గ్రాఫులు తనే గీయాలి. నెల రోజులు తంటాలు పడ్డాక కూడా ఇష్టం తగ్గకపోతే ఐఐటీల్లో ఎంఎస్సీకి పెట్టే జామ్ పరీక్ష రాయించండి. ఐఐటీలో సీటు రాకపోతే టెన్షన్ పడకండి. ఏపీ పీజీసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్షతో చేరడానికి ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, అయనోస్ఫియర్ పరిశోధనలో దానికి పాత పేరు. బీఈడీకి ఎంఎస్సీ తర్వాతైనా వెళ్లొచ్చు.