బడి గేటు లోపలా, బయటా

చిరంజీవి అమ్మాయికి మహారాణిపేట నుంచి మాష్టారు ఆశీర్వదించి వ్రాయునది.

పాఠం చెప్పడానికి ఇతరుల పుస్తకాల్లోని పేజీలు జిరాక్సు తీసి పిల్లలకు ఇవ్వవచ్చా అని అడిగావు. ఇవ్వవచ్చు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, బోధనలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు తీసుకొనే నకళ్లకూ, ప్రశ్నపత్రాల్లో వాడే భాగాలకూ మినహాయింపు ఇచ్చింది. విశ్వవిద్యాలయ పాఠ్యభాగాల జిరాక్సుల కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మినహాయింపును విశాలంగానే అన్వయించింది. అయినా ఒక్క వర్క్‌బుక్ కొని, దాన్నంతా నలభై మందికి జిరాక్సు తీయించడాన్ని నేను సమర్థించను. పాఠానికి ఎంత అవసరమో అంతే తీసుకో, రచయిత పేరు తప్పక వెయ్యి.

చిక్కులు గేటు దాటాకే మొదలవుతాయి. వార్షికోత్సవంలో పిల్లలు నాటిక వేసినప్పుడు చూసేవారు సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, బడి కార్యక్రమాలతో సంబంధం ఉన్నవారు మాత్రమే అయితే చట్టానికి అభ్యంతరం లేదు. దాని వీడియోను యూట్యూబ్‌లో పెడితే ఆ మినహాయింపు వర్తించదు.

రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లపాటు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో కన్నుమూశారు కనుక ఆయన రచనలు నిరభ్యంతరంగా అచ్చు వేసుకోవచ్చు. మన విశాఖలోనే పుట్టిన శ్రీశ్రీ 1983లో పోయారు కనుక ఆయన కవితలపై హక్కు 2043 చివరి దాకా ఉంటుంది.

నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో, సావనీరు అట్ట కోసం రామకృష్ణా బీచ్ సూర్యోదయం ఫొటో ఒకటి క్యాలెండరులోంచి కత్తిరించి ప్రెస్‌కు ఇచ్చాను. మూలన చిన్న అక్షరాల్లో ఉన్న పేరు నా కత్తెరకే పోయింది. ఆ ఫొటో తీసినాయన మా గదికి వచ్చి, సావనీరు బల్లమీద పెట్టి, తన పేరు ఉండవలసిన చోట వేలు ఆనించి, "ఆ పడవ కోసం నాలుగు రోజులు తెల్లవారుజామునే వెళ్లాను మాష్టారూ, అడిగితే ఊరికే ఇచ్చేవాణ్ణి" అన్నారు. నాకు మాట రాలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఈ ఏడాది సావనీరు పని నీకు అప్పగించారన్నావు కదా. ఫొటో ఎవరిదో కనుక్కొని, ఉత్తరం రాసి, వారి అనుమతి కాగితం ఫైలులో చేరాకే ప్రెస్‌కు పంపు. అనుమతి రాకపోతే ఎనిమిదో తరగతి పిల్లల్లో ఒకరిచేత సముద్రం బొమ్మ వేయించు. అప్పుడు కూడా ఆ బిడ్డనూ ఇంట్లో పెద్దలనూ అడిగి, బొమ్మ కింద పేరు అచ్చు వేయించు.