అమ్మాయిది సాఫ్ట్‌వేరా, అకౌంట్సా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చేసి, వైట్‌ఫీల్డ్‌లో ఒక విదేశీ కంపెనీలో ఏడాదిగా పనిచేస్తోంది. ఐటీ ఖర్చుకి సొంత కంపెనీలోని డిపార్ట్‌మెంట్లకే బిల్లులు వేయడమట. ఇటు సాఫ్ట్‌వేరూ కాదు, అటు అకౌంట్సూ కాదు. మానిపించి డేటా సైన్స్‌లో చేర్చమంటారా? రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఉద్యోగం పేరు మారుతుందేగానీ ఈ ప్రశ్న నాకు తరచూ వస్తూనే ఉంటుంది. అసలు భయం, బంధువులు అడిగితే ఏం చెప్పాలనేగా?

మీ అమ్మాయి చేసేదాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. సర్వర్లు, లైసెన్సులు, హెల్ప్‌డెస్క్ అందరూ వాడతారు, బిల్లు మాత్రం ఐటీ మీద పడుతుంది. ఎవరి వాటా ఎంతో తేల్చాలి. ల్యాప్‌టాప్‌లైతే తలకింత అని పంచేయొచ్చు. చిక్కంతా క్లౌడ్ దగ్గరే, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకి తీసుకునే సర్వర్ల దగ్గర. ఏ డిపార్ట్‌మెంట్‌దో చెప్పే ట్యాగ్ పెట్టకుండా వదిలేసిన సర్వర్ తమదేనని ఎవరూ ఒప్పుకోరు. మీ అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ నీళ్ల బిల్లు ఫ్లాట్‌కింతా, మనిషికింతా అని కొట్టుకుంటారే, అదే తగవు. పైగా వాటా విదేశీ యూనిట్‌కి వెళ్తే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ (ఒకే గ్రూపు కంపెనీలు ఒకదానికొకటి వేసుకునే ధరల మీది పన్ను) నిబంధనలూ చూసుకోవాలి. బీకాం చదివిన పిల్లకి పనికొచ్చే పనే ఇది.

ఇక డేటా సైన్స్. లక్షల ఫీజు, ఈఎంఐ, చివర్లో బ్యాచ్ అందరిదీ ఒకేలాంటి ప్రాజెక్టు. ఆ సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇస్తారన్న నమ్మకం నాకు లేదు. కోర్సు వాళ్లు చూపించే జీతాలు ఎవరికి వచ్చాయో, అంతకుముందు వాళ్లకి ఎన్నేళ్ల అనుభవం ఉందో అడిగి చూడండి. ఫిన్ఆప్స్ (క్లౌడ్ ఖర్చుల నిర్వహణ) సర్టిఫికేషన్ మీదా ఇప్పుడు మోజు ఉంది. 2019లో మొదలైన ఫిన్ఆప్స్ ఫౌండేషన్ ఇస్తుంది. మీ అమ్మాయి పనికి దగ్గరిదే, కానీ అదొక్కటే చాలదు. ఉద్యోగం చేస్తూనే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి లెక్కలు తీసే భాష), పవర్ బీఐ (లెక్కల్ని చార్టులుగా చూపే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవచ్చు. ఓపికుంటే సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ) కూడా.

ఒక మాట కటువుగా అంటాను. మీరు రాసినదాంట్లో అమ్మాయికి ఆ పని నచ్చిందో లేదో ఎక్కడా లేదు. తన కాళ్ల మీద తను నిలబడ్డ పిల్లని ‘మానిపించడం’ ఏమిటండీ?

ఈ ఆదివారం తననే అడగండి: నెలనెలా ఎక్సెల్ షీటు నింపి పంపడమేనా, డిపార్ట్‌మెంట్ హెడ్లు ‘ఈ ఖర్చు మాది కాదు’ అని వాదించే మీటింగుల్లో కూర్చుంటోందా? షీటు నింపే పని రేపు సాఫ్ట్‌వేరే చేసేస్తుంది. అంతవరకే అయితే, ఆ మీటింగులకి తననూ పిలవమని మేనేజర్‌ని అడగమనండి. కోర్సు వాళ్లకి మాత్రం అడ్వాన్స్ కట్టకండి.