మా ఊరి జనాభా ఎంతంటే, ఏ నెలలో అని అడగాలి

ఒక చిన్న పల్లె జనాభా ఎంతో, అక్కడికి బస్సు ఉందో లేదో నెట్‌లో చూసి నమ్మొచ్చా అని అడిగారు. సగమే నమ్మండి.

మాది కర్నూలు జిల్లా ఆదోని వైపు పల్లె. పేరు కొడితే వచ్చేది 2011 జనాభా లెక్క. అది రెవెన్యూ గ్రామం, అంటే సర్కారు రికార్డుల్లో ఒకే ఊరిగా ఉన్న ప్రాంతం మొత్తానిది. అందుకే రెండు మైళ్ల అవతలున్న కొట్టాల అనే చిన్న పల్లె కూడా మా లెక్కలోనే కలిసిపోయింది. కొట్టాలవాళ్లు తమ ఊరి పేరు ఎంత వెతికినా దొరకదు.

అసలు తిరకాసు ఇంకోటి. 2011లో మనుషుల్ని లెక్కపెట్టింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఆ రోజుల్లో ఒక్కరోజైనా ఊళ్లో ఉన్నవాళ్లను ఊరి లెక్కలో వేశారు. మొత్తం బయటే ఉన్నవాళ్లను ఎక్కడుంటే అక్కడ రాసుకోవాలి. ఫిబ్రవరి అంటే మాకు సుగ్గి, కోత పనులకు వలస పోయే కాలం. గుంటూరు వైపు మిరప కోతలకు బియ్యం మూటలు, వంట సామాన్లు, చంటిపిల్లలతో సహా ఐచర్ లారీ ఎక్కి పోతారు. మళ్లీ ఊరు నిండేది ఉగాదికే.

ఆ ఏడు జనాభా లెక్కల సారు మా వీధికి వచ్చినప్పుడు మా అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. కొంగున ఐదిళ్ల తాళంచెవులు. ఆయన ఒక్కో ఇల్లు చూపించి ఎందరున్నారని అడుగుతుంటే, ఈమె ఒక్కో తాళంచెవి పట్టుకుని "ఈ ఇంట్లో ముసలాయనొక్కడే సామీ, ఈ ఇంట్లో ఎవరూ లేరు" అని చెప్పింది. తర్వాత మా చిన్నాయన్ను అడిగాను, అక్కడ మిమ్మల్ని ఎవరైనా రాసుకున్నారా అని. "తెల్లారకముందే చేన్లో ఉంటిమి, చీకటి పడినాక గుడిసెకొస్తిమి. మమ్మల్నెవరు లెక్కపెడతార్రా" అని నవ్వినాడు.

బస్సు సంగతీ ఇంతే. జనాభా లెక్కల పుస్తకంలో ఊరికి బస్సు ఉందా లేదా అని ఉంటుంది. లేకపోతే దగ్గర్లోని బస్సు ఎంత దూరమో, 5 కిలోమీటర్ల లోపా, 5-10 మధ్యా, 10 దాటా అని రాస్తారు. రోజుకు ఎన్ని ట్రిప్పులో అందులో తెలియదు. చిన్నప్పుడు మాకు నైట్ హాల్ట్ బస్సు ఉండేది. డ్రైవరన్న బస్సులోనే పడుకునేవాడు, కండక్టరన్న బడి వరండాలో. తెల్లారి ఐదున్నరకు హారన్ కొడితే ఊరంతా లేచేది. సుగ్గి నెలల్లో సీట్లన్నీ ఖాళీ. "ఏం సామీ, ఊళ్లో ఎవరూ లేరా?" అనేవాడు కండక్టరన్న. కలెక్షన్ లేదని ఒక ఏడాది ఆ బస్సు ఆపేశారు. ఉగాదికి జనం తిరిగొచ్చారు కానీ బస్సు రాలేదు. ఇప్పుడు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పల్లెవెలుగు వస్తాయి. తక్కిన వేళల్లో మెయిన్ రోడ్డు మీద మా ఊరి క్రాస్ దగ్గర దిగి ఆటో ఎక్కాలి. డ్రైవరుకు రెండు పక్కలా ఇద్దరు కూర్చుంటే గానీ అది కదలదు. వాన పడి వంక పారితే ఆటో కూడా రాదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగులో ప్రయాణం ఉచితం కాబట్టి, మా అమ్మావాళ్లు ఆటోను వదిలేసి బస్సు కోసమే కాసుకుంటున్నారు. ఆటో అన్న ముఖం చూడాలి.

రోడ్డు కూడా జనాభా అంకె మీదే ఆధారపడింది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన ప్రాంతాల్లో 500 మంది, అంతకు మించి ఉన్న నివాస ప్రాంతాలకే అన్ని కాలాల్లో తిరగగలిగే రోడ్డు. అందుకు చూసింది 2001 లెక్క.

మీకు నిజంగా ఏదైనా ఊరి సంగతి కావాలంటే అక్కడి అంగన్‌వాడీ టీచరును అడగండి. ఏ ఇంట్లో ఎందరున్నారో, ఎవరు ఎప్పుడు వలస పోయారో ఆమెకు తెలుసు. బస్సు టైము మాత్రం క్రాస్ దగ్గర టీ కొట్టాయన్నే అడగాలి.

వచ్చే జనాభా లెక్క 2027 ఫిబ్రవరిలో. మళ్లీ సుగ్గి నెలే. అవ్వ ఇప్పుడు లేదు, తాళంచెవులు మా అమ్మ కొంగున ఉన్నాయి.