పెరుగన్నం మీద నింద వేసే ముందు

ప్రశ్న: క్లాసులో ఒక లెక్క ఇచ్చారు. చిత్తూరులో పెళ్లి భోజనం, 200 మంది తిన్నారు, 60 మందికి వాంతులు. ఆ 60లో 54 మంది పెరుగన్నం, 50 మంది పాలకోవా తిన్నారు. మొత్తమ్మీద పెరుగన్నం తిన్నవాళ్లు 180, కోవా తిన్నవాళ్లు 100. పెరుగన్నమే కారణమని రాస్తే మేడం కొట్టేశారు. ఎందుకండీ?
– నర్సింగ్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మేడం కొట్టేసింది సబబే. మన జిల్లాలో పెరుగన్నం తినకుండా విస్తరి ముందునుంచి లేచేదెవరమ్మా? అందరూ తిన్నది జబ్బుపడ్డవాళ్ల లెక్కలోనూ ఎక్కువే కనిపిస్తుంది. తిననివాళ్ల సంగతీ చూడాలి.

పెరుగన్నం తిన్న 180లో 54 మందికి, అంటే 30 శాతం మందికి జబ్బు. తినని 20లో 6 మందికి. అదీ 30 శాతమే! ఇక కోవా: తిన్న 100లో 50, తినని 100లో 10. అటాక్ రేట్, అంటే జబ్బుపడ్డవాళ్ల శాతం, తిన్నవాళ్లలో 50, తిననివాళ్లలో 10. రిలేటివ్ రిస్క్ 5, అంటే తిన్నవాళ్లకు ముప్పు తిననివాళ్లకంటే ఐదు రెట్లు. ఇప్పుడు ఎవరిని అనుమానించాలో మీరే చెప్పండి.

అయినా ఇది అనుమానమే, రుజువు కాదు. తిన్న ఎన్ని గంటలకు మొదలైందో అడగాలి. రెండు మూడు గంటల్లోనే వాంతులైతే పుండ్లలో ఉండే స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా విషం కావచ్చు. కోవా చేసినవాళ్ల చేతులకు పుండ్లున్నాయేమో చూడాలి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. 12 గంటలు దాటాక జ్వరం, విరేచనాలతో వస్తే సాల్మోనెల్లా అనే మరో బ్యాక్టీరియా వైపు ఆలోచించాలి. మిగిలిన కోవా పారబోయకముందే శాంపిల్ ల్యాబ్‌కు పంపాలి. పెళ్లివాళ్లు గిన్నెలు కడిగేయడంలో మహా చురుకు.