ట్యూటర్లకు ట్రైనర్ కావాలంటే

ప్రశ్న: హెచ్4 (ఉద్యోగం చేసేవారి భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద అమెరికా వచ్చాను. లైబ్రరీలో పెద్దవాళ్లకు ఉచితంగా ఇంగ్లిష్ చెప్తున్నాను. కొత్త వలంటీర్లకు శిక్షణ ఇచ్చే సర్టిఫైడ్ ట్రైనర్ కావాలని ఉంది. ఆన్‌లైన్ కోర్సు చేస్తే చాలా?

జవాబు: చాలదమ్మా. మనవాళ్లకు పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవడం అలవాటు. ఇది అలా వచ్చేది కాదు. పైగా పరాయి దేశంలో పగలంతా నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉండేవారు ఇంకో కోర్సు పెట్టుకుని మళ్లీ ఆ గదిలోనే కూర్చోవడం నాకు అసలు నచ్చదు. మనుషుల్లోకి వెళ్లండి.

దేశమంతటికీ ఒకే లైసెన్సు లేదు. పెద్దలకు చదువు నేర్పే లాబాక్ లిటరసీ, లిటరసీ వలంటీర్స్ ఆఫ్ అమెరికా సంస్థలు కలిసి 2002లో ప్రోలిటరసీ అయ్యాయి. దాని కింద పనిచేసే స్థానిక సంస్థలు చాలా ఉన్నాయి. మీ లైబ్రరీవాళ్లు ఏ పద్ధతి పాటిస్తారో అడగండి. సాధారణంగా ముందు ట్యూటర్‌గా అనుభవం, తర్వాత ఒక వర్క్‌షాప్ మొత్తం గమనించడం, ఆపైన సీనియర్ ట్రైనర్‌తో కలిసి సగం నడపడం, చివరికి ఆమె వెనక వరసలో కూర్చుని రాసుకుంటుంటే మొత్తం మీరే నడపడం.

ఈఏడీ (పని చేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి కార్డు) లేకుండా స్టైపెండ్ గానీ గిఫ్ట్ కార్డు గానీ తీసుకోకండి. మిగతా నిబంధనలు అమెరికా వలస వ్యవహారాల శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్లో చూసుకోండి.

చాలామంది దెబ్బతినేది ఉపన్యాసం దగ్గర. పావుగంట దాటి ఏకధాటిగా మాట్లాడకండి. చేసి చూపించండి, జంటలుగా చేయించండి, తర్వాత మాట్లాడించండి. ఇక్కడ మీకో గొప్ప వసతి ఉంది: తెలుగు. తెలుగు రాని వలంటీర్లకు ఇంగ్లిష్ ముక్క వాడకుండా పది నిమిషాలు తెలుగు పాఠం చెప్పండి, భాష రానివాళ్ల అవస్థ వాళ్లకే తెలుస్తుంది. లే, కూర్చో, తలుపు తియ్యి, పుస్తకం ఇవ్వు. నాలుగు ఆజ్ఞలు చాలు, పది పెడితే ఎవరికీ ఒక్కటీ నిలవదు. తర్వాత బోర్డు మీద పాప, మామ, వాన రాసి, చూసి రాయమనండి. ప, మ, వ వాళ్లకు ఒకేలా కనిపిస్తాయి. బడి మొహం చూడని మనిషికి బీ, డీ, పీ అక్షరాలు ఎలా ఉంటాయో అప్పుడు తెలుస్తుంది. పాఠం ఎంతసేపు చెప్పారో కనీసం అంతసేపు దాని మీద మాట్లాడించాలి: ఎక్కడ భయమేసింది, ఏ సైగ పనికొచ్చింది? టైమ్ లేదని ఈ భాగం వదిలేస్తే ఆ పాఠం వట్టి వినోదంగా మిగులుతుంది.

శిక్షణ అయ్యాక ట్యూటర్లను వదిలేయకండి. కొత్త వలంటీర్లు మానేసేది పాఠాలు కష్టమై మాత్రమే కాదు, అడగడానికి ఎవరూ లేక కూడా. నెల తిరిగేలోగా ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. రెండో నెలలో అందర్నీ ఓ గంట కూర్చోబెట్టి ఎవరి చిక్కు వాళ్లను చెప్పమనండి. ఆ తేదీ వర్క్‌షాప్ రోజునే చెప్పేస్తే వస్తారు. తర్వాత చెబుదామనుకుంటే రారు.