డ్యాంపింగ్ లేకపోతే రెజొనెన్స్‌లో ఊపు నిజంగా అనంతం అవుతుందా? ఆ లెక్కతో బయట పనేమైనా ఉందా?

మీ బాధ అర్థమైంది. వస్తువు తనంతట తాను ఊగే వేగం దాని సహజ కంపనం, బయటి బలం అదే వేగంతో ఊపితే రెజొనెన్స్, ఊపుని తాగేసే గుణం డ్యాంపింగ్. ఊపు ఎన్ని రెట్లో తెలియాలంటే 1ని (1 − r²)తో భాగించమంది పుస్తకం. బయటి బలం ఊపే వేగాన్ని సహజ కంపనంతో భాగిస్తే వచ్చేదే r. r ఒకటి కాగానే కింద సున్నా, పైన అనంతం. లోకంలో ఏదీ అలా ఊగదు కాబట్టి ఇదంతా పరీక్షల కోసమే అంటున్నారు. ఇరవై ఏళ్లుగా రైస్ మిల్లుల్లో మోటార్లు, ఫ్యాన్లు చూసుకుంటున్నాను. నాకు ఎక్కువసార్లు పనికొచ్చిన లెక్క ఇదే.

తాడేపల్లిగూడెం వైపు ఒక మిల్లులో మేడ మీద యాంగిల్ స్టాండు, దాని మీద బ్లోయరు. నిమిషానికి 1440 తిరుగుళ్లు, అంటే సెకనుకు 24. తిరిగినంతసేపూ బుద్ధిగా ఉండేది. ఆపినప్పుడు మాత్రం వేగం తగ్గుతూ తగ్గుతూ ఒకచోట స్టాండంతా దడదడలాడి, రెండు సెకన్లలో ఊరుకునేది. "దెయ్యం దిగిందండీ" అని కూలీలు నవ్వుకునేవారు. ఆ దెయ్యం ఉండేది సెకనుకు 20 తిరుగుళ్ల దగ్గర, అంటే స్టాండు సహజ కంపనం అదే.

కరెంటు బిల్లు తగ్గుతుందని ఓనరు గారు డ్రైవ్ (మోటారుకిచ్చే కరెంటు హెర్ట్జ్ మార్చి వేగం మార్చే పెట్టె) పెట్టించి, 50 బదులు 41 హెర్ట్జ్‌లో వదిలేశారు. అప్పుడు ఫ్యాన్ సెకనుకు ఇంచుమించు 20 తిరుగుతుంది. ఇక దెయ్యం దిగనే లేదు. ప్లాట్‌ఫారం మీద నేను పెట్టిన టీ గ్లాసు చిన్నగా జరుగుతూ జరుగుతూ అంచుదాకా వెళ్లి కిందపడింది.

వెల్డర్‌ని పిలిచారు. "ఊగుతోందంటే బలం చాలట్లేదండీ" అని నాలుగు అడ్డ యాంగిళ్లు వేశాడు. 41లో నిశ్శబ్దం. అందరూ హాయిగా ఉన్నారు, సీజన్ వచ్చి మళ్లీ 50కి పెంచేదాకా. ఈసారి అక్కడ మొదలైంది! ఫోను స్టాండుకి కట్టి, చెక్క సుత్తితో కొట్టి చూస్తే సహజ కంపనం 23 చిల్లర. 20ని 24కి చేర్చాలంటే గట్టిదనం 44 శాతం పెరిగితే చాలు, ఎందుకంటే 1.2ని 1.2తో గుణిస్తే 1.44. అంటే ఆ నాలుగు యాంగిళ్లూ స్టాండుని తీసుకెళ్లి ఫ్యాన్ వేగం పక్కనే కూర్చోబెట్టాయి. నన్నడిగితే మిల్లుల్లో పగిలిన స్టాండ్లలో సగం వెల్డింగ్ ఎక్కువై పగిలినవే.

ఇక అనంతం సంగతి. డ్యాంపింగ్ అస్సలు లేకపోయినా అది ఒక్క క్షణంలో రాదు. సరిగ్గా r ఒకటి అయితే, అదే బలం కదలకుండా నొక్కితే వచ్చే వంపుకి 3.14 రెట్లు చొప్పున ప్రతి ఊపుకీ కలుస్తూ పోతుంది. ఆ వంపు 0.02 మిల్లీమీటర్లనుకోండి, సెకనుకు 20 ఊపుల లెక్కన సెకను తిరిగేసరికి 1.25 మిల్లీమీటర్లు. ఆపేటప్పుడు దాటిపోయే వేగానికి అంత పోగయ్యే వ్యవధి ఉండదు. డ్రైవ్ పెట్టి అక్కడే కూర్చోబెడితే బోలెడంత వ్యవధి. మా లెక్చరర్లు ఈ మాట చెప్పకుండా, 1940లో కూలిన టకోమా వంతెన వీడియో చూపించి రెజొనెన్స్ అనేవారు. దాన్ని ఊపింది బయటి నుంచి తాళం వేసినట్టు వచ్చే బలం కాదు. వంతెన మెలికపడే కొద్దీ ఆ మెలికే గాలి నుంచి శక్తి లాక్కుంది. అది వేరే జబ్బు.

రబ్బరు షీటు వేస్తే కంపనాన్ని తాగేస్తుందనుకోవడం ఇంకో పిచ్చి. రబ్బరు మెత్తగా ఉండి సహజ కంపనాన్ని బాగా కిందికి దించితేనే లాభం. r 1.41 దాటాకే నేలకి వెళ్లే బలం తగ్గడం మొదలవుతుంది. గట్టి షీటు తెచ్చి, బోల్టు విరిగేలా బిగించేవాళ్లకి ఏం చెప్పను?

చివరికి ఆ యాంగిళ్లు కట్ చేయించి, డ్రైవ్‌లో 38 నుంచి 44 దాకా ఆగకుండా దాటేసేలా స్కిప్ ఫ్రీక్వెన్సీ పెట్టాను. పెట్టినందుకు ఒకసారి, కోసినందుకు ఒకసారి వెల్డర్‌కి రెండు కూలీలు. ఇప్పటికీ కనబడితే "ఇంకో రెండు యాంగిళ్లు వేయనిస్తే సరిపోయేదండీ" అంటాడు. మాట ఒప్పుకోవడం నాకిష్టం లేదు గానీ, ఇంకా బాగా పైకి తోసేసి ఉంటే సరిపోయేదే.